మూట అడుగున తడి

నల్లగొండలో ఓ చిన్న ఆస్పత్రిలో ఆటోక్లేవ్, అంటే పనిముట్ల మీది క్రిములను ఆవిరితో చంపే యంత్రం, దాని పని నేర్చుకుంటున్న రోజులవి. పనిముట్లు గుడ్డలో చుట్టి పెట్టి, బయటికి తీసిన వేడి వేడి మూటను తీసుకెళ్లి షాబాద్ బండ మీద పెట్టాను. కాసేపటికి ఎత్తి చూస్తే అడుగున అరచేయంత తడి. మూటకు అంటించిన టేపు మీద గీతలు వేడికి నల్లబడ్డాయి కదా, ఆరిపోతుందిలే అనుకున్నాను. సీనియర్ సిస్టర్ ఒప్పుకోలేదు. మూట విప్పించి, గుడ్డ మార్పించి, మొత్తం పని మళ్లీ చేయించింది.

పనిముట్లను నీళ్లలో మరిగిస్తే చాలదా అని ఇప్పటికీ కొందరు అడుగుతారు. చాలదు. ధనుర్వాతం తెచ్చే క్రిమి గట్టి పొర కప్పుకొని స్పోరుగా మారిపోతుంది, మరిగే నీళ్లను కూడా తట్టుకుంటుంది. పైగా సముద్ర మట్టానికి ఎత్తులో ఉన్న మా ఊళ్లో నీళ్లు 100 డిగ్రీలు చేరకముందే మరుగుతాయి. అందుకే ఆవిరిని మూసిపెట్టి, 15 పౌండ్ల ప్రెషర్ మీద 121 డిగ్రీలకు తెస్తాం. పొడి వేడితో ఇదే పని చేయాలంటే 160 డిగ్రీల దగ్గర రెండు గంటలు పడుతుంది. ఆవిరికి పదిహేను, ఇరవై నిమిషాలు చాలు, మూటలైతే అరగంట. చల్లటి లోహానికి తగలగానే ఆవిరి నీరుగా మారుతూ, తనలో దాచుకున్న వేడినంతా అక్కడే వదిలేస్తుంది. ఆ తడి వేడికి క్రిమిలోని ప్రోటీన్లు గుడ్డు ఉడికినట్టు గడ్డకడతాయి.

అయితే ఆవిరి తగిలిన చోటే ఈ పని జరుగుతుంది. ఇంట్లో కుక్కర్ నుంచి ఆవిరి ధారగా వచ్చాకే అమ్మ వెయిట్ పెడుతుంది కదా, లోపలి గాలి బయటికి పోవాలని. ఇక్కడా అంతే. సగం గాలి లోపలే ఉండిపోతే గేజీలో ముల్లు 15 చూపిస్తుంది కానీ, వేడి మాత్రం 112 దగ్గరే ఆగిపోతుంది. కత్తెరలు, రక్తనాళాలను నొక్కిపట్టే ఆర్టరీ ఫోర్సెప్స్ తెరిచి పెట్టాలి. గిన్నెలు బోర్లించకుండా పక్కకు వాల్చాలి. అన్నిటికంటే ముందు రక్తపు మరకలు శుభ్రంగా కడగాలి. ఎండిన రక్తం కింద దాక్కున్న క్రిమి దాకా ఆవిరి సరిగ్గా చేరదు.

ఇక టేపు గీతలు. మూటకు వేడి తగిలిందని మాత్రమే అవి చెబుతాయి. క్రిములు చచ్చాయో లేదో తేలాలంటే వేడికి మొండికేసే జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ అనే క్రిమి స్పోర్లను మూటల మధ్య పెట్టి, తర్వాత అవి పెరుగుతాయేమో చూడాలి. ఈ పరీక్షను బద్ధకించి వదిలేసే చోట్లు ఉన్నాయంటే నాకు భయమేస్తుంది. ఆటోక్లేవ్‌లో బోరు నీళ్లు పోయడం ఇంకో తప్పు. ఇంట్లో హీటర్ రాడ్‌కు పట్టే తెల్లటి పొరే దాని కాయిల్‌కూ పడుతుంది. డిస్టిల్డ్ వాటరే పోయాలి.

తడి సంగతి నాకు తర్వాత బోధపడింది. పొడిగుడ్డ మడతలు క్రిములను బయటే ఆపుతాయి. అదే గుడ్డ తడిస్తే, వత్తి నూనెను లాగినట్టు బండ మీది క్రిములను నీటితో పాటు లోపలికి లాక్కుంటుంది. ఆ తడి కూడా నా చేతిచలవే: వేడి మూట చల్లటి బండకు తగలగానే లోపలి ఆవిరి నీరైంది.

ఇప్పుడు ప్రెషర్ పూర్తిగా దిగాక తలుపు కొద్దిగా తెరిచి మూటలను లోపలే ఆరనిస్తాం. మూటలు పెట్టిన డ్రమ్ము బయటికి రాగానే, ఆవిరి వెళ్లే దాని రంధ్రాలు మూసేస్తాం. చల్లారేదాకా జాలీ రాక్ మీదే, ఫ్యాన్ గాలికి దూరంగా ఉంచుతాం. తర్వాత తేదీ రాసి, నేలకు, గోడ చెమ్మకు దూరంగా అల్మారాలో పెడతాం. తేదీ నిన్నటిదే అయినా సరే, మూట చిరిగితే, తడిస్తే, కింద పడితే, మళ్లీ ఆటోక్లేవ్‌లోకే.