ఇరవై లీటర్ల క్యాన్

పెరంబూర్, చెన్నై
ఆదివారం

పెద్దోడికీ, చిట్టితల్లికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో నా వెనక గోడకి ఆనించి ఉన్న ఇనప రాడ్డూ, చక్రాలూ చూసి పెద్దోడు ఒకటే నవ్వు. "అమ్మమ్మా, కండలు పెంచుతున్నావా?" అన్నావు. చిట్టి ఏమో "వద్దు, పడిపోతావు" అని ముఖం చిన్నబుచ్చుకుంది. ఇంతలో నెట్టు పోయింది. మళ్లీ ఫోను చేసి చెప్పొచ్చు గానీ, మీరు సగం విని ఆటలకి పారిపోతారని తెలుసు. అందుకే కాగితం మీద పెడుతున్నా. అమ్మని చదివి వినిపించమనకండి, మీరే చదవండి.

నా వయసుకి కండలు చూపించుకుని ఎవరిని మెప్పించాలి? నాకు కావలసింది ఎముకలు. కండలు దారిలో వచ్చి కలుస్తున్నాయి, వద్దనడం ఎందుకు?

మూడేళ్ల కిందట బాత్రూమ్ గుమ్మం దగ్గర తడి గచ్చు మీద కాలు జారింది. పడేటప్పుడు ఎవరైనా చేసే పనే నేనూ చేశాను, చెయ్యి ముందుకు చాచాను. ఒళ్లంతా ఆ చేతి మీద పడింది. లేచి చూసుకుంటే మణికట్టు వంగిన ముళ్ల చెంచాలా ఉంది. మణికట్టు ఇలా విరగడాన్ని కోలిస్ ఫ్రాక్చర్ అంటారు. ఏబ్రహం కోలిస్ అనే ఐర్లండు డాక్టరు 1814లోనే దీన్ని వర్ణించి రాశాడు. ఎక్స్‌రే పుట్టింది 1895లో! అంటే ఆయన లోపల చూడకుండానే, చేత్తో తడిమి చెప్పాడన్నమాట. కట్టు వేయించుకుని కూర్చున్న ఆరు వారాల్లో ఇలాంటివన్నీ చదివాను.

కట్టు విప్పాక డెక్సా స్కాన్ తీశారు. అది ఎముక ఎంత గట్టిగా నిండి ఉందో కొలుస్తుంది. పడుచు వయసు వాళ్ల ఎముకతో పోల్చి ఒక అంకె ఇస్తుంది, టి-స్కోరు అని. మైనస్ ఒకటి దాకా ఫర్వాలేదు. మైనస్ 2.5కి దిగితే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. నా వెన్నెముకకి మైనస్ 2.4 వచ్చింది. మార్కులు పాస్ గీతకి ఒక్క మార్కు పైన ఆగితే మీరెలా ఊపిరి పీల్చుకుంటారో, నేనూ అలాగే అనుకున్నా. డాక్టరు మాత్రం నవ్వలేదు. "ఇప్పటికే ఒకటి విరిగిందిగా. ఇక బరువులేమీ ఎత్తకండి" అన్నారు.

ఆ మాట నేను మరీ శ్రద్ధగా పాటించాను. ఏడాది పాటు కూరల సంచీ కూడా ముట్టుకోలేదు. ఫలితం ఏమిటంటే తొడలు సన్నబడ్డాయి, సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ ఊనాల్సి వచ్చేది. ఒకరోజు మంచినీళ్ల క్యాన్ వేసే కుర్రాడు తొందరలో గుమ్మంలోనే దింపేసి వెళ్లిపోయాడు. ఇరవై లీటర్లు. దాన్ని వంటింట్లోకి జరపలేక, చెంబుతో తోడి బిందెలో పోసుకుంటూ కూర్చున్నాను. మీ అమ్మ చిన్నప్పుడు ఇదే వీధిలో నీళ్ల లారీ వస్తే, నడుం మీదొక బిందె, చేతిలో ఒక బిందె పట్టుకుని రెండంతస్తులు ఎక్కేదాన్ని. ఆ రోజు చెంబు పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. మీ అమ్మకి చెప్పకండి.

తర్వాత ఇంకో డాక్టరు దగ్గరికి వెళితే ఆవిడ పూర్తిగా వేరే మాట చెప్పింది. మందులు రాసింది, రక్తపరీక్షలు చేయించింది, అయనావరంలో ఉండే ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపింది. బరువులెత్తడం నేర్చుకోమంది. అసలు ఎందుకని అడిగాను. అప్పుడు తెలిసిందే మీకు చెప్పాలనుకున్న అసలు సంగతి.

మీ సైన్సు పుస్తకంలో అస్థిపంజరం తెల్లగా, ఎండుకట్టెలా ఉంటుంది కదా. దాంతో ఎముకంటే లోపల పాతిన గుంజ అనుకుంటాం. తాతయ్య ఇక్కడి రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఇనుము ఎంత మోస్తే అంత అలుస్తుంది, చివరికి ఎక్కడో పగులు ఇస్తుంది అనేవారు. ఎముక తీరు దానికి పూర్తిగా వ్యతిరేకం. మోయిస్తే గట్టిపడుతుంది, ఊరికే కూర్చోబెడితే కరుగుతుంది. ఎముక తన మీద పడే బరువుని బట్టి తన లోపలి కట్టడాన్ని మార్చుకుంటుందని యూలియస్ వోల్ఫ్ అనే జర్మన్ డాక్టరు 1892లో పుస్తకమే రాశాడు.

ఎలా మార్చుకుంటుందంటే, ఎముకలో రెండు జట్ల పనివాళ్లుంటారు. ఆస్టియోక్లాస్టులు పాత ఎముకని కరిగించి తవ్వుతాయి. వాటి వెనకే ఆస్టియోబ్లాస్టులు వచ్చి ఆ గుంటలో కొత్త ఎముక కడతాయి. తవ్వడం వారాల్లో అయిపోతుంది, కట్టడానికి నెలలు పడుతుంది. మా పెరంబూరులో మెట్రో కోసం తవ్విన రోడ్డు రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి నాకిది చప్పున అర్థమైంది. ఇలా తవ్వుతూ, కడుతూ పదేళ్లు తిరిగేసరికి అస్థిపంజరం దాదాపు మొత్తం కొత్తదైపోతుంది. అంటే, పెద్దోడా, నువ్వు పుట్టినప్పటి ఎముకలు నీ దగ్గర లేవు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మూడో జట్టు. కట్టేవాళ్లలో కొందరు తాము కట్టిన గోడలోనే ఉండిపోతారు. చచ్చిపోరు, కాపలాదార్లవుతారు. వీటి పేరు ఆస్టియోసైట్లు. ఎముకలో ఉండే కణాల్లో నూటికి తొంభైకి పైగా ఇవే. సన్నని కాలవల్లోంచి చేతులు చాచి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మనం బరువెత్తినా, గెంతినా ఎముక కంటికి తెలియనంత వంగుతుంది. దాంతో ఆ కాలవల్లో ద్రవం కదులుతుంది. కాపలాదార్లు అది పసిగట్టి "ఇక్కడ బలం కావాలి, కట్టండి" అని కబురు పెడతాయి. చాలాకాలం ఏ కదలికా లేకపోతే ఇక్కడ ఇంత ఎముక దండగ అనుకుంటాయి, తవ్వేవాళ్లదే రాజ్యం అవుతుంది.

అంతరిక్షంలోకి వెళ్లినవాళ్లకి జరిగేది ఇదే. అక్కడ ఒంటికి బరువుండదు కదా, తుంటి ఎముకలో నెలకి నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు దాకా పోతుంది. అందుకే వాళ్ల స్టేషన్‌లో 2008 నుంచి బరువులెత్తినట్టే పనిచేసే ఒక యంత్రం పెట్టారు. నేను సోఫాలో కూర్చున్న ఏడాది, ఒకరకంగా అంతరిక్షానికి వెళ్లొచ్చినట్టే. టికెట్టు లేదంతే.

ఆడవాళ్లకి ఇంకో చిక్కుంది. ఈస్ట్రోజెన్ అనే హార్మోను తవ్వే జట్టుని అదుపులో పెడుతుంది. యాభై ఏళ్ల ప్రాంతంలో నెలసరి ఆగిపోయాక ఆ హార్మోను తగ్గుతుంది. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు, పెద్దోడు కూడా తెలుసుకోవాలి. ఆ తర్వాత కొన్నేళ్లు ఎముక బాగా వేగంగా పోతుంది. మగవాళ్లకీ పోతుంది గానీ మెల్లగా.

"వాకింగ్ చేస్తున్నా కదా" అని నేనూ వాదించాను. గుండెకి వాకింగ్ మంచిదే. కానీ రోజూ అదే పార్కు, అవే చుట్లు, ఎముకకి అందులో కొత్త కబురేమీ లేదు. ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ యూనివర్సిటీ వాళ్లు ఎముకలు పలచబడిన 101 మంది పెద్దవయసు ఆడవాళ్లతో ఒక పరీక్ష చేశారు. సగం మంది ఎనిమిది నెలల పాటు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, పక్కన మనిషి ఉండగా నిజంగా బరువైన బరువులు ఎత్తారు. మిగతావాళ్లు ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేశారు. ఎత్తినవాళ్లకి నడుం దగ్గరి వెన్నెముకలో ఎముక దాదాపు 3 శాతం పెరిగింది. రెండోవాళ్లకి 1 శాతం పైచిలుకు తగ్గింది. మూడు శాతమేనా అనకండి. నా వయసులో ఎముక తరగకుండా నిలబడితేనే పండగ.

మొదటి రోజు ఆ ఫిజియో అమ్మాయి నా చేతికి బరువే ఇవ్వలేదు. ఒక చీపురు కర్ర ఇచ్చింది. దాన్ని వీపు మీద నిలువుగా పెట్టుకోవాలి. తల వెనక, భుజాల మధ్య, నడుం కింద తోక ఎముక దగ్గర, మూడు చోట్లా కర్ర తగులుతూ ఉండాలి. అలా ఉంచి, వెనకున్న తలుపుని పిరుదులతో మూస్తున్నట్టు వాటిని వెనక్కి నెడుతూ ముందుకి వంగాలి. నేను వంగగానే కర్ర తలని వదిలేసింది. మళ్లీ వంగితే నడుం వదిలేసింది. అరవై ఏడేళ్లుగా రోజూ వంగుతున్నా, వంగడం రాదని ఆ రోజే తెలిసింది! గుల్లబారిన వెన్నుతో వీపు గుండ్రంగా చేసి ముందుకి వంగితే పూసలు నలిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే రెండు వారాలు ఆ కర్రతోనే సరిపోయింది.

తర్వాత నాలుగు కిలోలు, ఆరు, ఎనిమిది. ఎత్తేటప్పుడు నాకు తెలియకుండానే ఊపిరి బిగపట్టేదాన్ని, అలా చేస్తే బీపీ పెరుగుతుంది. "మూచ్చు విడుంగ అమ్మా!" అని ఆ అమ్మాయి అరిచేది. ఊపిరి వదలండి అని. ఇప్పుడు దోసెల పిండి గిన్నె ఫ్రిజ్‌లోంచి తీసినా ఆ అరుపే చెవిలో వినిపిస్తుంది. ఐదుసార్లు ఎత్తడం, రెండు నిమిషాలు కూర్చోవడం, మళ్లీ ఐదుసార్లు. వారానికి రెండే రోజులు. కూర్చోవడమూ అందులో భాగమే అని తెలిశాక నాకు బాగా నచ్చింది.

ఏడాదిన్నర తర్వాత మళ్లీ స్కాన్ తీస్తే మైనస్ 2.3. మీ తాతయ్య స్వీట్లు కొనుక్కొచ్చారు. ఆ పాటి తేడా యంత్రం కొలతలోనే రావచ్చట, ఇందులో మందుల వాటా కూడా ఉంది, కాబట్టి నేను పెద్దగా గంతులెయ్యలేదు. నాకు నమ్మకం కలిగించింది కాళ్లు. సోఫాలోంచి చేతులు ఊనకుండా లేస్తున్నా. మొన్న వానకి మెట్ల మీద కాలు జారితే రెండో కాలు టక్కున ముందుకొచ్చి ఆపింది. అసలు పడకపోతే విరిగే పనే లేదు కదా. 1990లో అమెరికాలో తొంభై ఏళ్ల వాళ్ల చేత ఎనిమిది వారాలు బరువులెత్తిస్తే కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగిందని అచ్చేశారు. వాళ్లతో పోలిస్తే నేను కుర్రదాన్ని.

క్యాన్ సంగతి చెప్పలేదు కదూ. ఇప్పుడు గుమ్మంలోంచి వంటింట్లోకి నేనే తెచ్చుకుంటున్నా. మోకాలి ఎత్తు స్టాండు మీద పెడతాను. అంతకన్నా పైకి ఎత్తడానికి ఆ అమ్మాయి ఇంకా ఒప్పుకోలేదు.

మీరు బరువుల జోలికి పోకండి, నేర్పేవాళ్లుంటే తప్ప. మీకు గెంతడమే చాలు. జీవితంలో ఉండబోయే ఎముకలో నూటికి తొంభై వంతుల దాకా ఆడపిల్లలకి 18, మగపిల్లలకి 20 ఏళ్లు వచ్చేసరికే చేరిపోతుంది. నేనిప్పుడు పెద్దగా కూడబెట్టలేను, ఉన్నది జాగ్రత్త చేసుకోవడమే. మీ చేతిలో ఆ ఏళ్లున్నాయి, వాటిని ట్యాబ్ ముందు కూర్చోబెడితే నాకు ఒళ్లు మండుతుంది. తొక్కుడు బిళ్ల (ఇక్కడ పాండి అంటారు), తాడాట, గోడ మీంచి దూకడం, ఇవన్నీ ఎముకకి కబుర్లే. సైకిలు, ఈత మంచివే గానీ వాటిలో ఎముకకి గెంతినప్పటి అదురు తగలదు. వారానికి రెండుసార్లయినా రాగి సంకటి తినండి, వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకి పైగా క్యాల్షియం ఉంటుంది. చిట్టి ముక్కు మూసుకున్నా సరే.

ఈ ఉత్తరంతో రెండు గెంతుడు తాళ్లు పంపుతున్నా. ఎర్రదాని చెక్క పిడి వదులుగా ఉంది, నాన్నని అడిగి లోపల ముడి వేయించుకోండి. తాడు మధ్యలో కాలితో తొక్కిపడితే పిడులు చంకల దాకా రావాలి. ఎక్కువైతే కొయ్యకండి, ముడి వేసుకోండి. ఎలాగూ ఏడాదిలో పొడుగవుతారు.

మీ అమ్మమ్మ