వార్షిక నివేదిక అచ్చు ఖర్చు: అపోహలు - వాస్తవాలు

ఏటా ఆగస్టు వచ్చేసరికి చిక్కడపల్లిలోని మా ప్రెస్సుకు ప్రభుత్వ సంస్థల నుంచి వచ్చేవారు ఒకే లెక్కతో వస్తారు: “కిందటేడు వెయ్యి కాపీలు వేయించాం, ఈసారి రెండు వందలు చాలండి. అంటే బిల్లు ఐదో వంతుకు దిగాలి కదా?”

అపోహ: కాపీలు ఎంత తగ్గిస్తే ఖర్చు అంత తగ్గుతుంది.

వాస్తవం: తగ్గదు. 160 పేజీల నివేదికను ఫారాలుగా, అంటే ఒక్కో పెద్ద షీటు మీద రెండు వైపులా కలిపి 16 పేజీలు వచ్చేలా వేస్తే పది ఫారాలవుతాయి. నాలుగు రంగుల్లో అయితే రంగుకొకటి చొప్పున అచ్చువేసే రేకులు, అంటే ప్లేట్లు, ఫారానికి రెండు వైపులా కలిపి 8 చొప్పున మొత్తం 80 కావాలి. కాపీలు రెండు వందలైనా వెయ్యి అయినా ఆ ప్లేట్లూ, మెషీన్ మీద రంగు కుదిరేదాకా వృథా అయ్యే కాగితమూ, అంతకు ముందు జరిగే డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చడం), అనువాదం, ప్రూఫులు దిద్దడమూ మారవు. తగ్గేది కాగితం, సిరా, బైండింగు ఖర్చు మాత్రమే కనుక, మొత్తం బిల్లు కొంత తగ్గినా ఒక్కో కాపీ రేటు మాత్రం పెరుగుతుంది.

ఆ పెరిగిన రేటు చూసి ఒక సూపరింటెండెంట్ గారు, ఆడిట్‌లో అభ్యంతరం వస్తే సంతకం పెట్టిన తానే జవాబు చెప్పుకోవాలన్న దిగులుతో, మా ప్రెస్సులో గంటసేపు కొటేషన్ పట్టుకుని కూర్చున్నారు. ఆయన భయం న్యాయమైనదే. స్థిరంగా ఉండే ఖర్చునూ కాపీల మీద ఆధారపడే ఖర్చునూ విడదీసి కొటేషన్ మళ్ళీ రాసిచ్చి, దానినే ఫైలులో నోట్‌కు జతచేయమన్నాను. మీరూ అలాగే అడగండి. రెండు మూడు వందల కాపీలకు డిజిటల్ ప్రింటింగ్ రేటు కూడా తెప్పించుకోండి, అందులో ప్లేట్లే ఉండవు. ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్ పద్ధతే తప్పదనుకుంటే, ఖాతాల పట్టికలున్న ఎనిమిది ఫారాలను నలుపులో వేయిస్తే 80 ప్లేట్లు 32కు దిగుతాయి.

అపోహ: ఒక్క అంకె దిద్దడానికి ఖర్చేముంటుంది?

వాస్తవం: ఒక సంస్థ ఆడిట్ వ్యాఖ్యలు అందకముందే అచ్చుకు అనుమతి ఇచ్చింది. తర్వాత మారిన ఒక్క మొత్తం ఆస్తి అప్పుల పట్టీలోనే కాక డైరెక్టర్ల నివేదికలోనూ, రంగుల గ్రాఫులోనూ, తెలుగు ప్రతిలోనూ ఉండడంతో ఆరు ఫారాలకు కొత్త ప్లేట్లు వేయవలసి వచ్చింది, అప్పటికే అచ్చయిన రెండు ఫారాల కాగితం తూకానికి పోయింది. అంకెలు ఖరారు కాకుండా ప్రెస్సును తొందరపెట్టకండి.

అపోహ: నివేదిక రంగుల్లో, ఆర్ట్ పేపర్ మీదే ఉండాలని చట్టం చెబుతోంది.

వాస్తవం: ఇది చట్టం చదవనివారు చేసే ప్రచారం. కంపెనీల చట్టం, 2013లోని 394, 395 సెక్షన్లు ప్రభుత్వ కంపెనీల నివేదికను చట్టసభల ముందు ఉంచమంటాయే గాని, కాగితం సంగతి ఎత్తవు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(4) అయితే సమాచారం అందించడంలో ఖర్చునూ స్థానిక భాషనూ దృష్టిలో ఉంచుకోమంటుంది.

అపోహ: పీడీఎఫ్ అయితే ఉచితమే.

వాస్తవం: డీటీపీ, అనువాదం ఎలాగూ ఉంటాయి. పైగా ‘అను’ అనే పాత రకం ఫాంట్లలో కంపోజ్ చేసిన తెలుగు ప్రతిని, అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్‌లోకి మార్చకుండా వెబ్‌సైట్‌లో పెడితే అందులో ఏ మాట వెతికినా దొరకదు. మార్చాక వత్తులూ అంకెలూ మళ్ళీ ప్రూఫు చూడాలి కనుక, ఆ పనికి రేటు కొటేషన్‌లో ముందే విడిగా అడగండి.