పైసా ముట్టని విలన్ల దండు

'స్టార్ వార్స్' అనే హాలీవుడ్ అంతరిక్ష సినిమాల్లో తెల్ల కవచం తొడుక్కునే సైనికుడు స్టార్మ్‌ట్రూపర్. ఆ వేషం ఒక్కరే వేసుకోవడం కుదిరే పని కాదు. ముందు ఒంటికి అతుక్కుపోయే నల్ల డ్రెస్సు వేసుకోవాలి. దాని మీద పిక్కలకు, తొడలకు, నడుముకు, ఛాతీకి, భుజాలకు విడివిడిగా తెల్ల ప్లాస్టిక్ పలకలు. వాటిని ఎలాస్టిక్ పట్టీలతో, ప్రెస్ బటన్లతో, వెల్క్రోతో ఒకదానికొకటి తగిలించాలి. వీపు మీద బిగించేవి చేతికి అందవు. అన్నీ తొడుక్కున్నాక కూర్చోవడం కష్టం, వంగడం ఇంకా కష్టం. హెల్మెట్ పెట్టుకుంటే కంటి ముందు రెండు చిన్న అద్దాలు తప్ప ఇంకేమీ ఉండదు. కాళ్ల దగ్గరికొచ్చి నిలబడ్డ చంటిపిల్ల అసలు కనపడదు. లోపల చెమట, అద్దాల మీద ఆవిరి. అందుకే చాలామంది హెల్మెట్ లోపల చిన్న ఫ్యాన్లు బిగించుకుంటారు. పక్కనే మామూలు బట్టల్లో ఒక మనిషి నడుస్తూ, ముందు మెట్టుందనీ, ఎడమ పక్కన పాప ఉందనీ చెబుతూ ఉంటారు. ఆ మనిషిని హ్యాండ్లర్ అంటారు.

ఈ అవస్థ అంతా పడి పిల్లల ఆస్పత్రికో, లైబ్రరీకో, చందాలు పోగుచేసే నడక కార్యక్రమానికో వెళ్లొస్తారు. డబ్బు తీసుకోరు. పైగా వేషానికి సొంత జేబులోంచి పెట్టుకున్న ఖర్చు అలాగే ఉంటుంది. వీళ్లలో అందరికంటే పెద్ద దండు పేరు 501స్ట్ లీజియన్. 'స్టార్ వార్స్' సినిమాల్లోని విలన్ పక్షం వేషాలు వేసే స్వచ్ఛంద అభిమానుల సంఘం ఇది. చాలా దేశాల్లో కలిపి పదివేల మందికి పైగా సభ్యులున్నారు. చెడ్డవాళ్లు మంచి పనులు చేస్తున్నారు అన్నది వాళ్ల నినాదం.

వినడానికి ముచ్చటగా ఉంది. కానీ ఇందులో ఒక చిక్కు ఉంది. ఆ పాత్రలు, ఆ హెల్మెట్లు, ఆ పేర్లు అన్నీ ఆ సినిమాలు తీసిన లూకాస్‌ఫిల్మ్ అనే కంపెనీ సొత్తు. కాపీరైట్ మీద కోర్టు గడప ఎక్కడానికి వెనకాడని కంపెనీ. అలాంటిది ఇన్ని వేల మంది ఆ వేషాలు సొంతంగా తయారు చేసుకుని ఊరూరా తిరుగుతుంటే ఎలా ఊరుకుంది? ఊరుకోవడమే కాదు, తన వేడుకలకు తనే ఎందుకు పిలిచింది? దీనికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

అభిమానులు వేషం కట్టడం కొత్త సంగతి కాదు. 1939లో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సదస్సు జరిగినప్పుడు ఫారెస్ట్ అకర్‌మన్ అనే అభిమాని, ఆయన స్నేహితురాలు మర్టిల్ డగ్లస్ భవిష్యత్తు మనుషుల్లాంటి దుస్తులు వేసుకొచ్చారు. కుట్టింది ఆవిడే. కాస్‌ప్లే, అంటే ఇలా పాత్రల వేషాలు కట్టే సరదా, దాని చరిత్ర రాసేవాళ్లు చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. అయితే చాలాకాలం ఇదంతా సదస్సుల గోడల మధ్యే ఉండిపోయింది. అభిమానులు అభిమానుల కోసం వేసుకునే వేషం. బయటి లోకానికి దాంతో పని లేదు.

1977లో 'స్టార్ వార్స్' వచ్చాక ఆ తెల్ల కవచం మీద జనానికి మోజు పుట్టింది కానీ, అది చేతికి దొరికేది కాదు. ప్లాస్టిక్ షీటును వేడి చేసి, అచ్చు మీద పరిచి, గాలి లాగేసి ఆకారం తెప్పించాలి. ఆ అచ్చు ఎవరి దగ్గరుంది? ఎలా చేయాలో ఎవరికి తెలుసు? ఇంటర్నెట్ వచ్చేదాకా ఒక ఊళ్లో ఆ పిచ్చి ఉన్నవాడికి పక్క రాష్ట్రంలో తనలాంటి వాడు ఇంకొకడున్నాడని తెలిసే దారే లేదు.

అమెరికాలోని సౌత్ కరోలినాలో ఆల్బిన్ జాన్సన్ అలాంటివాడే. 1994లో జరిగిన కారు ప్రమాదంలో ఆయన ఒక కాలు పోయింది. కృత్రిమ కాలుతో బతుకు మళ్లీ మొదలుపెట్టిన ఆ రోజుల్లోనే స్టార్మ్‌ట్రూపర్ కవచం మీద మనసు పడింది. 1997లో పాత 'స్టార్ వార్స్' సినిమాలు కొత్త హంగులతో మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు ఆ వేషంలో వెళ్లాడు. ఒక్కడే ఉంటే జనం వింతగా చూశారు. టామ్ క్రూస్ అనే స్నేహితుడు (హాలీవుడ్ నటుడు కాదు) కూడా ఒక కవచం సంపాదించి పక్కన నిలబడేసరికి కథ మారిపోయింది. ఒక సైనికుడుంటే వేషం, ఇద్దరుంటే సైన్యం. ఫొటోలు వెబ్‌సైట్‌లో పెడితే ఎక్కడెక్కడి నుంచో ఇంకొందరు తమ ఫొటోలు పంపారు. అలా ఆ ఏడాదే 501స్ట్ పుట్టింది.

నిజంగానే సైన్యంలా అమర్చుకున్నారు. ప్రాంతాన్ని బట్టి గ్యారిసన్లు, తక్కువ మంది ఉన్నచోట ఔట్‌పోస్టులు, ప్రతి సభ్యుడికీ ఒక నంబరు, ఎన్నికల ద్వారా వచ్చే కమాండర్లు. చేరాలంటే 18 ఏళ్లు నిండాలి. వేషం తెర మీద ఉన్నదానికి అచ్చంగా సరిపోవాలి. ఫొటోలు పంపితే, పరిశీలించేవాళ్లు బెల్టు మీది బటన్ల దాకా చూసి తప్పులు చెబుతారు. మొదటిసారి విన్నవాళ్లకు ఇది చాదస్తంగా తోస్తుంది. నాకు మాత్రం ఇందులో చాలా అర్థం కనిపిస్తుంది. మంచం మీదున్న పిల్లవాడికి తెర మీది మనిషే గదిలోకి వచ్చినట్టుండాలి. అట్టముక్కల వేషమైతే ఆ భ్రమ నిలవదు. పాత్ర సొంతదారుకు కూడా తన పాత్ర అభాసుపాలు కావడం లేదన్న నిశ్చింత అక్కడి నుంచే వచ్చింది.

2002లో ఇండియానాపొలిస్‌లో లూకాస్‌ఫిల్మ్ అభిమానుల వేడుక జరిగింది. అక్కడ జనాన్ని అదుపు చేయడానికి, వేడుక నడవడానికి 501స్ట్ సభ్యులు ఉచితంగా పని చేశారు. కంపెనీకి వీళ్ల మీద గురి కుదిరింది అప్పుడే. 2004లో టిమోతీ జాన్ అనే రచయిత తన అధికారిక 'స్టార్ వార్స్' నవలలో 501స్ట్ అనే దళాన్ని పెట్టాడు. 2005 సినిమాకి వచ్చేసరికి, పెద్ద విలన్ డార్త్ వేడర్ వెంట జెడై అనే యోధుల ఆలయం మీదికి కదిలిన సైన్యానికే ఆ పేరు వచ్చింది. అభిమానులు సరదాగా పెట్టుకున్న నంబరు మూలకథలోకే ఎక్కేసింది.

అదే కంపెనీ రెండో ముఖం కూడా చూడాలి. తొలి సినిమాకు హెల్మెట్లు తయారు చేసిన ఆండ్రూ ఎయిన్స్‌వర్త్ అనే ఇంగ్లండ్ పనివాడు, 2004 ప్రాంతంలో తన దగ్గరున్న పాత అచ్చులతో హెల్మెట్లు చేసి జనానికి అమ్మడం మొదలుపెట్టాడు. లూకాస్‌ఫిల్మ్ వెంటనే దావా వేసింది. అమెరికా కోర్టు 2006లో 2 కోట్ల డాలర్ల నష్టపరిహారం విధించింది. గొడవ బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ హెల్మెట్ శిల్పం కిందికి రాదు, సినిమాకు వాడుకున్న వస్తువు మాత్రమే కాబట్టి బ్రిటన్‌లో దానికి ఆ కాపీరైట్ రక్షణ లేదని 2011లో తీర్పు వచ్చింది. ఏళ్లకేళ్లు నడిచిన ఈ వ్యాజ్యం, వేలాది అభిమానులు అలాంటి హెల్మెట్లే నెత్తిన పెట్టుకుని కంపెనీ వేడుకల్లో తిరుగుతున్న రోజుల్లోనే నడిచింది.

తేడా అంతా డబ్బు దగ్గర ఉంది. 501స్ట్ వచ్చినందుకు ఫీజు అడగదు. పిలిచినవాళ్లు ఏదైనా ఇవ్వాలనుకుంటే నేరుగా ఏదో ఒక సేవాసంస్థకు ఇమ్మంటుంది. ఆ పాత్రల మీద లాభం చేసుకోవడం సభ్యులకు నిషిద్ధం. ఈ గీత దాటకపోబట్టే, 2012లో లూకాస్‌ఫిల్మ్‌ను డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లకు కొనుక్కున్నాక కూడా వీళ్ల పని ఆగలేదు. గీత దాటితే ఏమవుతుందో ఇంకో అభిమాన లోకం చూసింది. 'స్టార్ ట్రెక్' అభిమానులు కొందరు జనం దగ్గర పది లక్షల డాలర్లకు పైగా చందాలు పోగుచేసి సొంత సినిమా తలపెడితే, హక్కుదారులు 2015 చివర్లో కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది అభిమానుల సినిమాలన్నిటికీ నిబంధనలు పెట్టారు. 50,000 డాలర్లకు మించి పోగు చేయకూడదు, నిడివి 15 నిమిషాలు, రెండు భాగాలైతే 30 నిమిషాలు దాటకూడదు అన్నవి వాటిలో కొన్ని.

వేషానికీ డబ్బుకీ ఉన్న సంబంధం మనకు ఇంకోలా తెలుసు. పగటి వేషాల వాళ్లు ఊళ్లో కొన్నాళ్లు రకరకాల వేషాలు కట్టి, చివర్లో ఇంటింటికీ వచ్చి సంభావన తీసుకునేవాళ్లు. అది వాళ్ల కులవృత్తి, కడుపు నింపే విద్య. సంభావన ఇవ్వకపోతే తప్పు మనది. ఇక్కడ వేషం వేసేవాళ్లకు వేరే ఉద్యోగాలున్నాయి, సెలవు రోజున వచ్చి వేస్తారు. కాబట్టి ఆ రెంటినీ ఒక గాటన కట్టకూడదు. దీనికి దగ్గరగా వచ్చేది మన హీరోల అభిమాన సంఘాలు. చిరంజీవి 1998లో హైదరాబాద్‌లో రక్తనిధి, నేత్రనిధి పెట్టాక, కటౌట్లకు పాలు పోసిన చేతులే రక్తం ఇవ్వడానికి వరసలో నిలబడ్డాయి. అభిమానానికి ఒక పని అప్పజెబితే అది ఎంత దూరం పోతుందో తెలుగువాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

501స్ట్ విషయంలో ఆ అభిమానం తిరిగి తన సొంత ఇంటి గడప దగ్గరికే వచ్చింది. స్థాపకుడు జాన్సన్ చిన్న కూతురు కేటీకి మెదడులో కణితి ఉందని తేలింది. నయమయ్యేది కాదు. 2002 నాటి 'స్టార్ వార్స్' సినిమాలో పద్మే అనే పాత్ర నిద్రపోతుంటే ఆర్2-డి2 అనే డ్రాయిడ్, అంటే రోబో, కాపలా ఉంటుంది. తను నిద్రపోతున్నప్పుడు కూడా అలాంటి డ్రాయిడ్ ఒకటి కాపలా ఉంటే బాగుండని ఆ పాప కోరింది. ఆర్2 బొమ్మలను నిజంగా నడిచేలా కట్టే అభిమానుల క్లబ్ వేరే ఒకటి ఉంది. జాన్సన్ వాళ్లను అడిగాడు, వాళ్లు సరేనన్నారు. కానీ అలాంటి డ్రాయిడ్ కట్టడానికి నెలలు పడుతుంది, పాపకు అంత వ్యవధి లేదు. అందుకని క్లబ్ సభ్యుడొకరు అప్పటికే తన దగ్గరున్న డ్రాయిడ్‌ను గులాబీ రంగులోకి మార్చి పంపించారు. 2005 జులైలో అది ఆ ఇంటికి చేరింది. ఆగస్టులో పాప కన్నుమూసింది. ఏడేళ్లు.

క్లబ్ వాళ్లు మాట తప్పలేదు. మరుసటి ఏడాదికి కొత్త డ్రాయిడ్ పూర్తయింది. దానికి ఆర్2-కేటీ అని పేరు పెట్టారు. అప్పటి నుంచి అది పిల్లల ఆస్పత్రులకు, చందాల కార్యక్రమాలకు తిరుగుతూనే ఉంది. తెల్ల కవచాల వాళ్లను చూసి జడుసుకునే పసిపిల్లలు కూడా ఆ గులాబీ డ్రాయిడ్ దగ్గరికి మాత్రం వెళ్లి చేయి వేస్తారు.

2007 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడీనాలో జరిగే రోజ్ పరేడ్ అనే ఊరేగింపుకు 'స్టార్ వార్స్' సృష్టికర్త జార్జ్ లూకాస్ గ్రాండ్ మార్షల్, అంటే ముందు నడిచే గౌరవ అతిథి. ఆయన పిలుపు మీద వేర్వేరు దేశాల నుంచి 501స్ట్ సభ్యులు దాదాపు 200 మంది సొంత కవచాలతో వచ్చి, సుమారు తొమ్మిది కిలోమీటర్ల దారి పొడుగునా అడుగులో అడుగేసి కవాతు చేశారు. కూర్చోవడానికే వీల్లేని ఆ ప్లాస్టిక్‌లో తొమ్మిది కిలోమీటర్లు నడవడం ఎలా ఉంటుందో, ఒక్కసారి దాన్ని తొడుక్కున్నవాళ్లకే తెలుస్తుంది.

ఆర్2-కేటీ 'స్టార్ వార్స్' కథలోనిదే అయిన 'క్లోన్ వార్స్' యానిమేషన్‌లో కనిపించింది. 2015లో వచ్చిన ఏడో 'స్టార్ వార్స్' సినిమాలో రెజిస్టెన్స్ అనే తిరుగుబాటు దళం స్థావరం దగ్గర కాసేపు కనిపించే గులాబీ రంగు డ్రాయిడ్ కూడా ఆర్2-కేటీయే, ఒక పాప కోసం అభిమానులు షెడ్లలో కూర్చుని కట్టిన డ్రాయిడ్ పేరే దానికీ.