జైలు, జామీను, శిక్ష: అపోహలు - వాస్తవాలు

నేరం అనగానే అందరి చూపూ నేరం చేసినవాడి మీదికే పోతుంది. మేము రెండో వైపు చూడమంటాం: చట్టం ఎవరిని పట్టుకుంటోంది, పట్టుబడినవాళ్ళలో ఎవరు లోపలే ఉండిపోతున్నారు?

అపోహ: జైల్లో ఉన్నవాళ్ళంతా నేరం రుజువైనవాళ్ళే.

2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వాళ్ళలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురికి ఇంకా తీర్పే రాలేదు.

అపోహ: బెయిలొస్తే ఇంటికొచ్చినట్టే.

ఆస్తిపాస్తులున్నవాళ్ళకి అంతే. లేనివాళ్ళకి అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. 'పదివేలకు ఇద్దరు జామీనుదార్లు' అని ఉత్తర్వులో ఉంటుంది. పదివేలు అప్పుడే కట్టమని కాదు. ముద్దాయి వాయిదాలకు రాకపోతే ఆ మొత్తానికి మాది పూచీ అని ఇద్దరు సంతకం పెట్టాలి. ఆ ఇద్దరికీ ఆధారం చూపించే కాగితం కావాలి: ఇంటిపన్ను రసీదు, పట్టాదారు పాసుపుస్తకం, ఉద్యోగమైతే జీతం కాగితం. కూలి చేసుకునేవాడి చుట్టాలూ కూలీలే. సొంత ఇల్లు ఉన్నా పన్ను రసీదు ఎప్పుడో పోయిన తాత పేరు మీదే వస్తుంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక తీరు, పాసుపుస్తకంలో ఇంకో తీరు. ఆ ఒక్క అక్షరం తేడాకి మనిషి వారాల తరబడి లోపలే ఉంటాడు. విసిగిపోయి డబ్బిచ్చి ఎవరినో జామీను నిలబెట్టారనుకోండి, కాగితం దొంగదని తేలితే ఇంకో కేసు మెడకు చుట్టుకుంటుంది.

జామీనుదారు ఆ ఊరివాడే, ఆ జిల్లావాడే కావాలని పట్టుబట్టడం మరో అడ్డు. 1978లో మోతీరాం అనే తాపీమేస్త్రి కేసులో సుప్రీంకోర్టు దీన్ని తప్పుబట్టింది. మోతీరాం సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని మేజిస్ట్రేటు ఆ సోదరుడి జామీను ఒప్పుకోలేదు. ఆంధ్రుడో తమిళుడో బస్తర్‌లో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుని ఎక్కణ్ణుంచి తెస్తాడని జస్టిస్ కృష్ణయ్యర్ అడిగిన ప్రశ్న వలస కూలీల విషయంలో ఇవాళ్టికీ అలాగే ఉంది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు ఇంటివాళ్ళకి తెలిసి ఉండాలి. బెయిలు ఉత్తర్వు ఆ రోజో మర్నాడో ఈమెయిల్లో జైలుకు చేరాలి. వారంలో మనిషి బయటికి రాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలి. నెలయినా జామీను పెట్టుకోలేకపోతే షరతు సడలించే సంగతి కోర్టే తనంతట తాను చూడవచ్చు. అందుకని ఎనిమిదో రోజున న్యాయసహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. లాయరు ఉచితంగానే దొరుకుతారు. షరతు తగ్గించమని వేసే పిటిషన్లో 'పేదవాడు' అని ఒక్క ముక్క రాసి వదిలేయకూడదు. నెల సంపాదన, ఇంట్లో ఎంతమంది, ఆ చిరునామాలో ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నాడు - ఇవన్నీ రాయాలి. పారిపోయే మనిషి కాదని కోర్టుకు నమ్మకం కలిగించేవి అవే.

అపోహ: విచారణ ముగిసేదాకా ఎన్నాళ్ళైనా లోపల ఉండాల్సిందే.

పాత సీఆర్‌పీసీ బదులు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో సగం కాలం గడిస్తే బెయిలు. మొదటిసారి నేరమైతే మూడోవంతు చాలు. మూడేళ్ళ శిక్షపడే దొంగతనానికి ఏడాది, ఏడేళ్ళదానికి రెండేళ్ళ నాలుగు నెలలు. పాత కేసులకూ ఇది వర్తిస్తుంది. కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటు. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఈ వెసులుబాటు లేదు. ఒకటికి మించి కేసులు నడుస్తున్నా లేదు. చిల్లర దొంగతనాలు రెండుమూడు ఒకరి మీదే పెడితే, సెక్షన్ ఉండీ లేనట్టే. దీన్ని మార్చాలన్నది మా గట్టి అభిప్రాయం.

అపోహ: ఉరి వేస్తే భయం పుడుతుంది.

శిక్ష ఎంత పెద్దది అన్నదాని కన్నా పట్టుబడటం ఎంత ఖాయం అన్నదే నేరస్థుణ్ణి ఆపుతుంది. అత్యాచారం కేసుల్లో నిందితుడు చాలాసార్లు తెలిసినవాడే, బంధువే. ఉరి పడుతుందంటే ఇంటివాళ్ళే ఫిర్యాదు నొక్కేస్తారు.

అపోహ: దొంగతనం కొన్ని కులాల రక్తంలోనే ఉంది.

ఎరుకలవాళ్ళు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తా నుంచి మెట్టసీమకు బేరానికి పోయేవాళ్ళు. రైళ్ళొచ్చి, ఉప్పు సర్కారు చేతుల్లోకి పోయి ఆ బతుకుతెరువు దెబ్బతింది. తిరిగే మనిషి సర్కారు కంటికి అనుమానితుడయ్యాడు. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా చూసిన 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజ్యానికీ తెచ్చారు. తరవాత అలాంటి తెగలవాళ్ళను కట్టడిలో ఉంచడానికి బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన సెటిల్‌మెంటే స్టువర్టుపురం. హాజరు పట్టీలో పేరు, వేలిముద్రలు, ఊరు దాటాలంటే పాసు. పాసు లేకుండా గంపలమ్ముకోవడానికి పొరుగూరికి పోయినా అది నేరమే. అలా నమోదైన నేరాలనే చూపించి 'చూశారా, వీళ్ళు ఇంతే' అన్నారు. దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న పోయింది. దొంగల ఊరన్న పేరు మాత్రం స్టువర్టుపురాన్ని వదల్లేదు.

జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమని, కులాన్ని బట్టి పని పంచే నిబంధనలు చెల్లవని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తేల్చింది. విముక్త జాతులవాళ్ళను, అంటే ఒకప్పుడు ఆ నేరస్థ తెగల చట్టం కింద ఉన్నవాళ్ళను, ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలనీ చెప్పింది. ఎవరినైనా ఉత్త అనుమానం మీద తీసుకెళ్తే ఇంటివాళ్ళు ఆ గంట, తేదీ రాసి పెట్టుకోవాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తేకపోతే ఆ కాగితమే లాయరు చేతికి మొదటి ఆధారం.