జీరో టికెట్ మీద పేరు లేదు

ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ బస్సుల్లో మహిళల ఉచిత ప్రయాణానికి ఆధార్ చూపించే పని తప్పించి స్మార్ట్ కార్డు ఇస్తే బాగుంటుందన్న మాట మళ్లీ పైకి వచ్చింది. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో సాయంత్రం రద్దీలో నిలబడినవారికి ఇది సౌకర్యంగానే వినిపిస్తుంది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో పర్సులోంచి ఆధార్ తీసి చూపించే యాతన తప్పుతుంది కదా. మరి అభ్యంతరం ఎక్కడ?

ఈ ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం పుట్టుపూర్వోత్తరాలు అందరికీ తెలిసినవే. 2025 ఆగస్టు 15 నుంచి నడుస్తోంది. చూడాల్సింది కండక్టర్ చేతిలో జరిగే చిన్న పని. గుర్తింపు కార్డు మీది ఫొటోను, చిరునామాను కంటితో చూస్తారు. టికెట్లు ఇచ్చే టిమ్ యంత్రంలో ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ నొక్కి, ఛార్జీ సున్నాగా ఉండే జీరో టికెట్ చింపి ఇస్తారు. గోపాలపట్నంలో ఒకరు ఎక్కారని, జగదాంబ వరకు టికెట్ తీసుకున్నారని లెక్కకెక్కుతుంది. ఆ ఒకరు ఎవరన్నది కండక్టర్ చూపు దాటి పోదు. ప్రతి మహిళకూ సొంత నంబరున్న కార్డు ఇచ్చి బస్సెక్కగానే యంత్రానికి తాకించమంటే, మనిషీ ప్రయాణమూ ఒకే పద్దులో పడతాయి.

విద్యార్థి పాసులోనూ పేరు, ఫొటో ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. కానీ చూపించి జేబులో పెట్టుకునే పాసుకు, కుర్రాడు మంగళవారం కాలేజీ ఎగ్గొట్టి బీచ్‌కు వెళ్లిన సంగతి తెలియదు.

కార్డు కావాలనేవారి వాదన తేలిగ్గా కొట్టేయదగినది కాదు. ఉచిత ప్రయాణాల సొమ్ము ప్రభుత్వం నుంచి ఆర్టీసీకి రావాలంటే లెక్క గట్టిగా ఉండాలి. పేర్లు తీసేసి నంబర్లు మాత్రమే ఉంచుకుంటే ఎవరికీ నష్టం లేదన్నది వారి ధీమా.

ఆ ధీమా మెల్‌బోర్న్‌లో బెడిసికొట్టింది. అక్కడి రవాణా సంస్థ 2018లో, ప్రయాణికులు యంత్రానికి తాకించే ‘మైకీ’ కార్డుల సమాచారాన్ని ఒక డేటా విశ్లేషణ పోటీకి ఇచ్చింది. సుమారు 1.5 కోట్ల కార్డులు, మూడేళ్ల ప్రయాణాలు. పేర్లు లేవు, కార్డు నంబర్లు కూడా మార్చేశారు. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ముందు తమ కార్డులనే వెతుక్కున్నారు. ఏ రోజు ఎక్కడ ఎక్కారో గుర్తున్న రెండు మూడు ప్రయాణాలతోనే దొరికాయి. కలిసి ప్రయాణించిన సహోద్యోగి కార్డూ అలాగే బయటపడింది. ఆ తర్వాత ఒక శాసనసభ్యుడు ట్విటర్‌లో రైలు గురించి రాసిన మాటలను పట్టుకుని ఆయన కార్డునూ గుర్తించారు. గోప్యతా చట్టాన్ని ఉల్లంఘించారని 2019లో అక్కడి సమాచార కమిషనర్ తేల్చారు.

విశాఖకు తెచ్చి చూడండి. తెల్లవారుజామున వేపగుంటలో ఎక్కి, నైట్ డ్యూటీల వారంలో మాత్రం రాత్రి ఎక్కే ఒక నర్సు ఉందనుకుందాం. ఆమె రాకపోకలు తెలిసిన మనిషికి పేరుతో పనేముంది? విడిపోయిన భర్తకు ఆమె కొత్త స్టాపు ఏదో తెలిస్తే చాలు.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది? గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. మరుసటి ఏడాది ఆధార్ తీర్పులో, ప్రభుత్వ రాయితీలకు ఆధార్ అడగడాన్ని మాత్రం సమర్థించింది. 2023 నాటి డేటా రక్షణ చట్టం రాయితీల విషయంలో మరో వెసులుబాటు ఇచ్చింది: ప్రభుత్వం తన దగ్గర ఇప్పటికే ఉన్న వివరాలను కొన్ని ప్రమాణాలకు లోబడి మళ్లీ అనుమతి అడగకుండానే వాడుకోవచ్చు. ఉచిత టికెట్ కూడా రాయితీయే. డబ్బిచ్చి టికెట్ కొనుక్కునే మగవాడు చిల్లర ఇచ్చి అనామకంగా దిగిపోతాడు; డబ్బు కట్టని స్త్రీ వివరాలు కడుతుంది.

బస్సుల్లో, మెట్రోల్లో ఛార్జీ కట్టేందుకు 2019లో వచ్చిన జాతీయ కామన్ మొబిలిటీ కార్డు ఆడా మగా అందరికీ ఒకటే. కేంద్రం విద్యుత్ బస్సుల పథకంలోనూ ఆ కార్డుతో ఛార్జీ వసూలు చేసే ఏర్పాటు ఉంది, ఆ బస్సులు రావాల్సిన నగరాల్లో విశాఖ ఒకటి. కాబట్టి కార్డు రాకుండా ఆపడం గురించి కాదు ఈ గొడవ. తాకించిన నమోదు ఎన్ని రోజులు ఉంచుతారు, ఎవరు అడిగితే ఇస్తారు, కార్డు వద్దన్న మహిళకు కండక్టర్ ఇప్పటిలాగే జీరో టికెట్ చింపి ఇస్తారా అన్నవి కార్డులు అచ్చు వేయకముందే కాగితం మీద రావాలి.