పచ్చగా ఉన్నంత మాత్రాన అడవి బాగున్నట్టు కాదు: అపోహలు - వాస్తవాలు

వర్షారణ్యాల్లో పక్షుల మీద, విత్తనాల మీద పనిచేస్తానని చెప్పగానే ఎక్కువమంది అనే మాట, "పాపం, చెట్లు కొట్టేస్తే పక్షులు ఎక్కడికి పోతాయండీ?" మంచి మాటే. కానీ దాన్ని తిరగేసి ఎవరూ అడగరు. పక్షులు పోతే చెట్ల సంగతేంటి? నా పనిలో పదేపదే ఎదురయ్యే అపోహ ఇక్కడే ఉంది. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నదీ ఇదే.

అపోహ: చెట్లు నిలబడి ఉన్నాయంటే అడవి క్షేమంగా ఉన్నట్టే.

ఒకసారి అడవి చూడటానికి వచ్చిన ఒక పెద్దమనిషి తల పైకెత్తి, "ఇంత దట్టంగా ఉంటే ఇంకా మీకు టెన్షన్ ఏంటండీ?" అన్నారు. ఆయన్ని ఒక అడవి జాజికాయ చెట్టు కిందికి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. ఎండుటాకులు చేత్తో పక్కకు నెడితే కింద గింజలు కుప్పగా ఉన్నాయి. వాటిని చుట్టుకుని ఉండే ఎర్రటి జాపత్రి నల్లబడి, బూజు పట్టింది. గుప్పెడు గింజలు ఏరి చూస్తే దాదాపు అన్నిటికీ గుండుసూదితో పొడిచినట్టు సన్నటి రంధ్రం, లోపల పురుగు తినగా మిగిలిన పొడి. చెట్టు చుట్టూ జానెడు మొలకలు ఒత్తుగా ఉన్నాయి కానీ మోకాలెత్తు మొక్క ఒక్కటి కూడా లేదు. ఆ చోట వేట వల్ల హార్న్‌బిల్ అనే పెద్ద ముక్కు పక్షులు కనబడకుండా పోయి చాలా ఏళ్లయింది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

వాస్తవం: వర్షారణ్యాల్లో చాలాచోట్ల 70 నుంచి 90 శాతం చెట్ల జాతులు తమ గింజలను దూరం చేర్చడానికి పక్షుల మీద, జంతువుల మీదే ఆధారపడతాయి. తల్లి చెట్టు కింద పడ్డ గింజకు బతికే అవకాశం చాలా తక్కువ, ఎందుకంటే ఆ జాతిని తినే పురుగులు, బూజులు అక్కడే కాచుకుని ఉంటాయి. 1970లో డేనియల్ జాన్జెన్, 1971లో జోసెఫ్ కానెల్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారు విడిగా చెప్పిన సంగతి ఇది. పెద్ద గింజల చెట్ల కష్టం ఇంకా ఎక్కువ. జాజికాయ గింజను చిన్న పిట్ట మింగలేదు, దానికి నోరు చాలదు. హార్న్‌బిల్ అయితే ముక్కు కొసతో అందుకుని, తల వెనక్కి విసిరి గుటుక్కున మింగుతుంది. జాపత్రి అరిగాక ఇంకెక్కడో కొమ్మ మీద కూర్చుని గింజను చెక్కుచెదరకుండా నోటితోనే కక్కేస్తుంది.

అలాంటి పక్షి పోయినా చెట్టు వెంటనే చచ్చిపోదు. వందల ఏళ్లు నిలబడే చెట్టు మరి. పూస్తుంది, కాస్తుంది, పైనుంచి తీసిన ఫోటోలో పచ్చగానే కనిపిస్తుంది. దాని తర్వాతి తరం మాత్రం ఉండదు. ఇలాంటి అడవికి 1992లో కెంట్ రెడ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త 'ఖాళీ అడవి' అని పేరు పెట్టారు. బ్రెజిల్ అట్లాంటిక్ అడవుల్లో టూకాన్‌ల వంటి పెద్ద పక్షులు కొన్ని దశాబ్దాలుగా లేని చోట్ల జుస్సారా అనే తాటిజాతి చెట్టు గింజలే చిన్నవైపోయాయని 2013లో తేలింది. చిన్న గింజ త్వరగా ఎండిపోతుంది. దీనికితోడు, పెద్ద గింజల చెట్లలో చాలావాటికి కలప గట్టిగా ఉంటుంది, అవి కార్బన్‌ను ఎక్కువగా దాచుకుంటాయి. అవి తగ్గేకొద్దీ అడవి దాచుకునే కార్బన్ కూడా తగ్గుతుంది.

ఇక మెసేజ్‌ల్లో తిరిగే పుకారు: పక్షి కడుపులోంచి వస్తే తప్ప గింజ మొలకెత్తదట! దీనికి మూలం డోడో అనే అంతరించిపోయిన పక్షి కథ. మారిషస్‌లోని ఒక చెట్టు డోడో అంతరించడం వల్లే మొలకెత్తడం మానేసిందని 1977లో స్టాన్లీ టెంపుల్ అనే శాస్త్రవేత్త రాశారు. టర్కీ కోళ్లకు పదిహేడు గింజలు బలవంతంగా తినిపిస్తే ఏడు నలిగిపోయాయి, మిగిలిన పదిలో మూడు మొలిచాయి. తినిపించని గింజలు ఎన్ని మొలుస్తాయో పోల్చి చూడనేలేదు. అవి వాటంతటవే మొలుస్తాయని, డోడో పోయాక పుట్టిన చెట్లూ ఉన్నాయని తర్వాత బయటపడింది. అయినా ఆ కథ ఆగదు. ఇది నమ్మి నర్సరీ పెట్టుకున్న ఒకాయన రెట్టల్లో గింజలు దొరికేదాకా ఆగి, కోసిన పండ్ల గింజలన్నీ ఎండబెట్టి దాచారు. ఆయన బాధ చూస్తే నాకూ కష్టమేసింది. వర్షారణ్యపు చెట్లలో చాలావాటి గింజలు ఎండితే చచ్చిపోతాయి. గుజ్జు శుభ్రంగా కడిగేసి, తడి ఆరకముందే నాటితే చాలావాటికి అదే చాలు. పక్షి చేసే అసలు మేలు గుజ్జు తీయడం, దూరం మోయడం.

పండు తినే ప్రతి పక్షీ గింజలు చల్లుతుందనుకోవద్దు. చిలకలు ఎక్కువగా గింజను కొరికి తినేస్తాయి. పచ్చ పావురాల కడుపులో మర్రి, రావి జాతుల సన్నగింజలు కూడా నలిగిపోతాయి.

"రెక్కలున్నాయిగా, పక్క అడవికి ఎగిరిపోతాయి" అనేది ఇంకొకటి. నేలకు దగ్గరగా, నీడలో తిరిగే పక్షులు చాలావరకు రోడ్డంత ఖాళీ దాటడానికి కూడా జంకుతాయి. 1979లో బ్రెజిల్‌లోని మనౌస్ దగ్గర మొదలైన ప్రయోగంలో 1, 10, 100 హెక్టార్ల అడవి ముక్కలను మిగిల్చి చూశారు. చీమల దండు వెంట తిరిగే పక్షులు చిన్న ముక్కల్లోంచి త్వరలోనే మాయమైపోయాయి.

"అయితే ఇక అంతా అయిపోయినట్టేనా?" అని దిగులుగా అడిగేవాళ్లకు ఒక మాట. కాలేదు. వదిలేసిన పొలాల్లో తిరిగి లేచిన అడవులను పోల్చిన 2021 అధ్యయనంలో, 20 ఏళ్లకే నేల సారం, చెట్ల రకాల సంఖ్య వంటివి సగటున పాత అడవిలో 78 శాతానికి చేరాయి. పాత అడవిలో ఉన్న జాతులే మళ్లీ రావాలంటే వందేళ్లు దాటుతుంది. దగ్గర్లో పాత అడవి ఉండాలి, గింజ మోసే పక్షి బతికుండాలి. అందుకే చుట్టూ కొట్టేసిన నేలలో ఒంటరిగా మిగిలిన మర్రి జాతి చెట్టు కనిపిస్తే దాన్ని వదిలేయమని బతిమాలతాను. పండ్ల కోసం పక్షులు దాని మీద వాలతాయి, వేరేచోట తిన్న గింజలు అక్కడ రాలుస్తాయి. అలాంటి ఒక చెట్టు కింద గడ్డి పక్కకు తీసి లెక్కపెడితే, ఆ చెట్టువి కాని మొలకలు ఒక్క మధ్యాహ్నంలోనే పదకొండు రకాలు కనిపించాయి నాకు.