బరువు తగ్గడానికి వైద్యం: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

మొన్నీమధ్య ఒకావిడ మా క్లినిక్‌కి వచ్చి, బల్ల మీద క్యారీబ్యాగ్ బోర్లించారు. గ్రీన్ టీ డబ్బా, రెండు రకాల ప్రొటీన్ పొడులు, ఆన్‌లైన్‌లో తెప్పించిన క్యాప్సూల్స్, నడుముకి కట్టుకునే బెల్టు, అరవైకి పైగా పరీక్షలున్న హెల్త్ ప్యాకేజీ రిపోర్టు. రెండేళ్లలో ముప్పై వేలు దాటిందట. అప్పుడు బరువు 82, ఇప్పుడు 84. "డాక్టరు దగ్గరికొస్తే బాగా ఖర్చవుద్దని రాలేదండీ" అన్నారు.

ఆవిడ సంగతి మళ్లీ చెబుతాను. ఖమ్మంలో జనరల్ ఫిజీషియన్‌గా రోజూ వినే మాటలు కొన్ని ఉన్నాయి. ముందు వాటి గురించి.

అపోహ: "డాక్టరు దగ్గరికి వెళ్తే ఇంజెక్షన్ అంటారు, ఆపరేషన్ అంటారు. మనవల్ల కాదు."

మొదటిసారి వచ్చినవాళ్లలో చాలామందికి నేను కొత్తగా రాసే మందు ఏమీ ఉండదు. వాడుతున్నవాటిలో మార్చాల్సినవే ఉంటాయి. షుగర్‌కి వేసుకునే గ్లిమెపిరైడ్, పయోగ్లిటజోన్, ఇన్సులిన్, ఫిట్స్‌కి ఇచ్చే వాల్‌ప్రోయేట్, మానసిక సమస్యలకు ఇచ్చే ఓలాంజపిన్, మిర్టజపిన్... ఇవన్నీ బరువు పెంచగలవు. కొన్ని తప్పనిసరి, వాటి జోలికి పోం. కొన్నిటికి మాత్రం బరువు పెంచని ప్రత్యామ్నాయాలున్నాయి, వాటిలో చాలావరకు జనరిక్‌గా చవకగానే దొరుకుతాయి. రాసిన డాక్టరునే అడిగి మార్పించుకోండి, సొంతంగా ఆపేయకండి.

క్యారీబ్యాగ్ ఆవిడ విషయంలో జరిగింది ఇదే. మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే పొట్లంలో ఓ చిన్న తెల్ల మాత్ర ఉంది. స్టెరాయిడ్. ఏడాదిన్నరగా వేసుకుంటున్నారు. ముఖం గుండ్రంగా ఉబ్బింది, ఆకలి పెరిగింది, పొట్ట ముందుకొచ్చింది. ఆ పొట్లం మాత్రం క్యారీబ్యాగ్‌లో లేదు. అది నొప్పుల మందు కదా, బరువుకి సంబంధం ఏముందనుకున్నారు. ఇలాంటి మాత్రని ఒక్కరోజులో ఆపితే ప్రమాదం, మెల్లగా తగ్గించాలి. నెలల తరబడి తగ్గిస్తూ వచ్చాం. దానికి అయిన ఖర్చల్లా ఓపీ ఫీజే.

ఇక పరీక్షలు. బీపీ, నడుము చుట్టుకొలత, పరగడుపు షుగర్ లేదా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్టరాల్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లివర్ పరీక్ష, ఒకసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష). గురక పెడతారా, పగలు కునుకులు పడుతున్నాయా అని అడగడం కూడా పరీక్షే, దానికి బిల్లు ఉండదు. చాలామందికి మొదట ఇవి చాలు. 30 ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగర్ పీహెచ్‌సీలోనే ఉచితంగా చూస్తారు. తెలంగాణలో బస్తీ దవాఖానా, పీహెచ్‌సీలలో తీసిన రక్తం తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబ్‌కి వెళ్తుంది, దానికీ డబ్బు తీసుకోరు. ఏపీలో మొదట విలేజ్ క్లినిక్‌లో అడగండి.

నడుము కొలతకి టేపు చాలు. మన దేశస్థులకి మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 దాటితే జాగ్రత్త పడాలి. బీఎంఐ (కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. ఇంటర్నెట్‌లో కనిపించే 25, 30 అంకెలు తెల్లవాళ్ల లెక్క. అది చూసుకుని ధీమాగా ఉన్నవాళ్లని చాలామందిని చూశాను.

అపోహ: "బరువు వైద్యమంటే కార్పొరేట్ ఆసుపత్రిలోనే."

బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనం జరిగింది, 2017లో ఫలితాలొచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ మీద లేని 306 మంది అందులో ఉన్నారు. సగంమందికి ఆహార నియమంతో బరువు తగ్గించే కార్యక్రమం పెట్టారు. అది నడిచింది పెద్దాసుపత్రుల్లో కాదు, మామూలు ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్కుల్లో, నర్సులు, డైటీషియన్ల చేతుల మీదుగా. ఏడాది తర్వాత వాళ్లలో 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ డయాబెటిస్ హద్దు కిందకి వచ్చింది. వాళ్లకి దొరికింది ఖరీదైన యంత్రం కాదు, క్రమం తప్పకుండా పిలిచి బరువు చూసి మాట్లాడే మనిషి. మన దగ్గర కొరత కూడా అలాంటి మనిషికే అని నా అభిప్రాయం.

అపోహ: "నాకు థైరాయిడ్ ఉంది, అందుకే లావు."

థైరాయిడ్ తక్కువైతే పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పు, నీరు. టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉన్నాక మిగతా ఇరవై కిలోలకి కారణం వేరే వెతకాలి. తగ్గాలని థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర) డోసు పెంచుకుంటే గుండె దడ వస్తుంది, ఎముకలు పలచబడతాయి.

అపోహ: "ఇంజెక్షన్ మూడు నెలలు వేయించుకుంటే అయిపోతుంది."

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

మౌంజారో పేరుతో టిర్జెపటైడ్ 2025 మార్చిలో, వెగోవీ పేరుతో సెమాగ్లూటైడ్ అదే ఏడాది జూన్‌లో మన దేశానికి వచ్చాయి. వెగోవీ మొదట్లో చిన్న డోసుకే నెలకి 17,345 రూపాయలు. నవంబరులో దాన్ని 10,850కి దించారు. 2026 మార్చిలో సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు ముగియడంతో దేశీ కంపెనీలకి దారి తెరుచుకుంది. ధర దిగుతోంది, మంచిదే. మందులు కూడా పనిచేస్తాయి, అందులో సందేహం లేదు. పెద్ద అధ్యయనంలో వారానికి 2.4 మిల్లీగ్రాముల సెమాగ్లూటైడ్ వాడినవాళ్లు 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గారు. కానీ ఆపేసిన ఏడాదిలో, తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. బీపీ మాత్రలాగే, వాడినంతకాలమే పని.

కాబట్టి షాపులో అడగాల్సింది మొదటి నెల ధర కాదు. డోసు మెల్లగా పెరుగుతూ పోతుంది, దాంతోపాటు బిల్లూ పెరగొచ్చు. పెరిగి పెరిగి చివరికి నిలిచే డోసుకి నెల ధర ఎంతో అడిగి, పన్నెండుతో హెచ్చించి, రెండేళ్లకి వేసుకోండి. ఆ అంకె చూసి గుండె గుభేల్‌మంటే, గోల్డ్ లోన్ పెట్టి మొదలుపెట్టొద్దు. మూడు నెలలు వాడి ఆపడంకన్నా అసలు మొదలుపెట్టకపోవడమే నయం.

సాధారణంగా బీఎంఐ 30 దాటినవాళ్లకి, లేదా 27 దాటి షుగర్, బీపీ లాంటివి ఉన్నవాళ్లకి ఈ మందుల గురించి ఆలోచిస్తాం. పెళ్లికి పట్టుచీరలో సన్నగా కనిపించాలని అడిగినవాళ్లకి నేను రాయను. గర్భిణులకి ఇవ్వకూడదు, పిల్లల కోసం ప్రయత్నించేవాళ్లు సెమాగ్లూటైడ్‌ని రెండు నెలల ముందే ఆపాలి. తమకి గానీ, రక్తసంబంధీకులకి గానీ మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే అసలు వాడకూడదు. మామూలు థైరాయిడ్ సమస్యకి, దీనికి సంబంధం లేదు. పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చినవాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పాలి. వికారం, వాంతులు, మలబద్ధకం మామూలు, పిత్తాశయంలో రాళ్లూ రావచ్చు. కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది కాబట్టి గుడ్లు, పప్పు, పెరుగు తగ్గించకూడదు.

పొదుపు పేరుతో చేసే రెండు పనులు నన్ను భయపెడతాయి. ఒకటి, మొగుడూపెళ్లాలు ఒకే ఇంజెక్షన్ పెన్ను పంచుకోవడం. సూది మార్చినా హెపటైటిస్, హెచ్‌ఐవీ లాంటివి అంటుకునే ప్రమాదం ఉంటుంది. రెండోది, వాట్సాప్‌లో సగం ధరకి కొనడం. వాడకముందు ఇది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాల్సిన మందు. మే నెల ఎండలో కొరియర్ డబ్బాలో వచ్చినదాన్ని మీరు నమ్ముతారా?

అపోహ: "మూలికల మందు, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు."

సిబుట్రమిన్ అనే మందు బీపీ పెంచుతుందని, గుండెకి ముప్పని తేలింది. మన దేశంలో 2011లో నిషేధించారు. తర్వాత కూడా "హెర్బల్" క్యాప్సూల్స్‌లో అది కలిపి అమ్ముతుంటే పలు దేశాల్లో పట్టుబడింది. నెలకి పది కిలోలు తగ్గిస్తామన్న పొడి నిజంగానే తగ్గిస్తే, ఆ డబ్బాలో ఏం కలిసిందా అని అనుమానించండి.

అపోహ: "డైట్ మనమే చేసుకోవచ్చు, డాక్టరెందుకు?"

ఏ మందులూ వాడనివాళ్లయితే చాలావరకు నిజమే. షుగర్ మందులు వాడేవాళ్లు అలా చేయకూడదు. గ్లిమెపిరైడ్ లేదా ఇన్సులిన్ అదే డోసులో ఉంచి అన్నం మానేస్తే షుగర్ డౌనై పడిపోతారు. డాపాగ్లిఫ్లోజిన్ వాడుతూ పిండిపదార్థాలు పూర్తిగా మానేస్తే, షుగర్ రీడింగ్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లాలు పేరుకుని ఐసీయూ దాకా పోవచ్చు. కొబ్బరి నూనె తాగే డైట్లు మన దగ్గర జోరుగా నడిచినప్పటి నుంచి ఈ మాట చెబుతూనే ఉన్నాను.

చిరుధాన్యాలు మంచివే. కానీ కొర్రలకీ బియ్యానికీ కేలరీల్లో పెద్ద తేడా లేదు, పీచులోనే తేడా. కిలో కొర్రలకి అంత పోసే స్తోమత లేకపోతే బాధపడక్కర్లేదు. అన్నం ఒక హస్తం తగ్గించి, కూర, పప్పు పెంచండి. నూనె లెక్క మాత్రం చూడండి. నలుగురున్న ఇంట్లో నెలకి ఐదు లీటర్లు మూడుకి దిగితే మనిషికి రోజుకి దాదాపు 135 కేలరీలు తగ్గినట్టు. ఇక్కడ ఖర్చు పెరగదు, తగ్గుతుంది.

అపోహ: "ఇన్సూరెన్స్ బరువుకి పైసా ఇవ్వదు."

పాలసీ కాగితంలో 'ఎక్స్‌క్లూజన్ 06' అనే చోట ఊబకాయం అని ఉంటుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆ కింద చదవాలి: 18 ఏళ్లు నిండి, డాక్టరు సలహా మీద చేయించుకునే బరువు తగ్గించే ఆపరేషన్ అయి, బీఎంఐ 40 ఉంటే, లేదా 35 ఉండి గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు), అదుపులో లేని షుగర్ లాంటివి ఉంటే ఆ మినహాయింపు వర్తించదు. వెయిటింగ్ పీరియడ్ ఎంతో ముందే కనుక్కోండి. 35 కేటగిరీలో, చిన్న చికిత్సలు చేసి చూసినా ఫలించలేదన్న షరతు కూడా ఉంటుంది. ఏడాదిగా డైట్ చేశానని నోటితో చెబితే కంపెనీ ఒప్పుకోదు. అందుకే మీరు వెళ్లేది పీహెచ్‌సీ అయినా, మా క్లినిక్ అయినా, ప్రతిసారీ ఓపీ చీటీ మీద తేదీ, బరువు రాయించుకుని ఒక ఫైల్లో పెట్టుకోండి.